ఈసీజీ కాగితం మీద ‘ఎర్లీ రీపోలరైజేషన్’ అని వచ్చింది: మా అబ్బాయి పరుగు ఆపాలా?

ప్రశ్న: దేవరకొండ ప్రాంతపు ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో దేవరకొండకు దగ్గరి ఊరు. మా పెద్దబ్బాయికి 22 ఏళ్లు. డిగ్రీ పూర్తిచేసి, కానిస్టేబుల్ ఎంపికల కోసం ఏడాదిగా నల్లగొండలో గది తీసుకొని ఉంటున్నాడు. తెల్లవారుజామునే లేచి 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ సాధన చేస్తాడు. పోయిన వారం షాట్‌పుట్ విసిరిన తరువాత ఎడమవైపు ఛాతీ పట్టేసినట్టు నొప్పి వస్తే, దగ్గరలోని క్లినిక్‌కు వెళ్లి ఈసీజీ తీయించుకున్నాడు. కాగితం పైభాగాన యంత్రమే ‘సైనస్ బ్రాడీకార్డియా, ఎర్లీ రీపోలరైజేషన్’ అని అచ్చువేసింది. మొదటి మాటకు నాడి నెమ్మదిగా ఉండటమని అర్థమట, నాడి నిమిషానికి 52 ఉంది. అక్కడి డాక్టరు గారు వేలితో నొక్కి చూసి, ఇది కండరం నొప్పేనని, కాగితం మీది మాట వయసు పిల్లల్లో మామూలేనని చెప్పి, రెండు రోజులకు మాత్రలు రాశారు. నొప్పి తగ్గిపోయింది.

అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. గదిలో ఉండే స్నేహితుడు ఆ రెండు మాటలను ఫోనులో వెతికి, వాటికి ఆకస్మిక మరణంతో సంబంధం ఉందని రాసిన పేజీ ఒకటి చూపించాడట. అప్పటి నుంచి మావాడు మైదానానికి పోవడం లేదు. రాత్రిళ్లు నిద్ర మానుకొని మణికట్టు పట్టుకొని నాడి లెక్కపెట్టుకుంటున్నాడని ఆ స్నేహితుడే నాకు ఫోను చేసి చెప్పాడు. ఒకరు మామూలు అంటున్నారు, ఒకరు ప్రాణాంతకం అంటున్నారు. రెండూ ఒకే గీత గురించే ఎలా నిజమవుతాయో నాకు అర్థం కావడం లేదు. పరుగు ఆపించాలా, హైదరాబాద్ తీసుకుపోవాలా, లేక ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాలా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: మహబూబ్‌నగర్, ఈసీజీ టెక్నీషియన్

సార్, నేను పదహారేళ్లుగా ఈ యంత్రం దగ్గరే పని చేస్తున్నాను. రోగం ఉందో లేదో చెప్పే అర్హత నాది కాదు కాబట్టి ఆ జోలికి పోను. కాగితం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను. యంత్రం అచ్చువేసే మాట డాక్టరు రాసిన నివేదిక కాదు. గీతల ఎత్తులు, దూరాలు కొలిచి, లోపల ఉన్న ప్రోగ్రాం ప్రకారం ఏది సరిపోతే ఆ పేరు వేస్తుంది. పాలమూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎంపికల కోసం వచ్చే సన్నటి, పరుగు అలవాటున్న కుర్రవాళ్ల కాగితాల మీద ఈ మాటను నేను ఎన్నోసార్లు చూశాను.

అయితే ఆ కాగితం సరిగ్గా తీసినదా కాదా అన్నది కూడా చూడాలి. ఛాతీకి అంటించే వీ1, వీ2 బల్బులు నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు అటూ ఇటూ పెట్టాలి. తొందరలో చాలామంది వాటిని పైకి పెట్టేస్తారు. అప్పుడు ఆ రెండు లీడ్లలో, అంటే ఆ బల్బులు గీసే గీతల్లో, లేని ఆకారాలు కనిపించి, గుండె లయ తప్పించే బ్రుగాడా అనే వేరే జబ్బు అనుమానం రావచ్చు. ఇంకొకటి, కాగితం అంచున ఫిల్టర్ అంకె ఉంటుంది. చేతి వణుకు గీతలో పడకుండా 40 హెర్ట్జ్ ఫిల్టర్ పెట్టి తీస్తే గీత నున్నగా వస్తుంది కానీ, డాక్టర్లు వెతికే చిన్న గంటు అందులోనే అణిగిపోతుంది. అందుకే ఇంకోసారి తీయించేటప్పుడు 150 హెర్ట్జ్‌తో తీయమని అడగండి. అబ్బాయి పది నిమిషాలు కదలకుండా పడుకున్న తరువాత తీస్తే ఇంకా మేలు. పాత కాగితం పారేయకండి. థర్మల్ కాగితం ఎండకు, జేబు చెమటకు తెల్లబడిపోతుంది కాబట్టి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

జవాబు: మిర్యాలగూడ, రైస్ మిల్లు గుమస్తా

ఆ ఫోటో మాట నిజం. నాకు 34 ఏళ్లున్నప్పుడు గ్యాస్ నొప్పితో ఒక ఆసుపత్రికి పోతే, కాగితంలో గీత పైకి లేచి ఉందని చూసి, అది గుండెపోటు అన్నారు. రక్తపు గడ్డ కరిగే ఇంజెక్షన్ తెప్పించే దాకా పోయింది వ్యవహారం. అదృష్టం కొద్దీ నైట్ డ్యూటీకి వచ్చిన ఇంకో డాక్టరమ్మ, గంట ఆగి రెండో ఈసీజీ తీద్దామన్నారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష కూడా చేయించారు. రెండో కాగితం మొదటి దానికి అచ్చం నకలులా ఉంది, ట్రోపోనిన్ మామూలుగా వచ్చింది. అంటే గుండెపోటు కాదు, నా గీత తీరే అంత అని తేలింది. అప్పటి నుంచి నా పాత ఈసీజీ ఫోనులోనూ, మా ఇంటావిడ ఫోనులోనూ ఉంటుంది. నా సలహా అయితే, ఎందుకైనా మంచిది, హైదరాబాద్‌లో ఏదైనా పెద్ద ఆసుపత్రిలో మొత్తం గుండె ప్యాకేజీ చేయించండి, ఆంజియోగ్రామ్‌తో సహా. మనసు నిమ్మళిస్తుంది.

జవాబు: హైదరాబాద్, గుండె లయ విభాగం వైద్యుడు (సొంతూరు నాగర్‌కర్నూల్)

ఉపాధ్యాయుడు గారూ, మీరు అడిగిన ‘రెండూ ఎలా నిజమవుతాయి’ అన్న ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మా వైద్యులే ఆ ప్రశ్నతో కొన్ని దశాబ్దాలు గడిపారు.

గుండె కండరంలోని ప్రతి కణం విద్యుత్ ప్రేరణ అందగానే ఉత్తేజం పొంది, ముడుచుకొని, మళ్లీ మొదటి స్థితికి రావాలి. ఈసీజీలో నిటారుగా కనిపించే క్యూఆర్‌ఎస్ ఆ ఉత్తేజానికి గుర్తు. అది ముగిసిన చోటును జే పాయింట్ అంటాము. అక్కడి నుంచి టీ తరంగం వరకు సాగేది ఎస్టీ గీత. కొందరిలో ఈ జే పాయింట్ అడుగు గీత మీద వాలకుండా, చిన్న గంటుగానో, జారుడుబండలాంటి వంపుగానో కాస్త పైన నిలుస్తుంది. వీ1 నుంచి వీ3 వరకు ఉన్న లీడ్లను వదిలేసి, గుండె కిందివైపును చూపే లీడ్లలో గానీ, పక్కవైపును చూపే లీడ్లలో గానీ, పక్కపక్కనున్న కనీసం రెండింట ఆ ఎత్తు ఒక చిన్న గడి, అంటే ఒక మిల్లీమీటరు, లేదా అంతకు మించి ఉంటే దానికి ఈ పేరు పెడతారు. పేరును బట్టి కణాలు తొందరగా సర్దుకుంటున్నాయని అర్థం వస్తుంది కానీ, నిజంగా అది తొందరగా సర్దుకోవడమా, లేక కండరంలో కొంత భాగానికి ఉత్తేజం ఆలస్యంగా అందడమా అన్న వాదం మాలో ఇప్పటికీ తెగలేదు. కాబట్టి ఆ మాటను జబ్బు పేరుగా కాక, ఆకారం పేరుగా చదవండి.

ఈ ఆకారాన్ని 1936లోనే ఆరోగ్యవంతుల్లో గమనించి రాశారు. ఆ తరువాత డెబ్బై ఏళ్లు దీన్ని నిరపాయమనే పాఠం చెప్పారు. నేను చదువుకున్నదీ అదే. 2008లో ఫ్రాన్సులోని బోర్డోకు చెందిన మిషెల్ హైసాగేర్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. గుండె నిర్మాణంలో ఏ లోపమూ లేకుండానే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వచ్చి, అంటే గుండె కింది గదులు కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టి, ప్రాణాపాయం నుంచి బయటపడిన 206 మందిని తీసుకొని, 412 మంది ఆరోగ్యవంతులతో పోల్చారు. మొదటి గుంపులో 31 శాతం మందికి ఈ ఆకారం ఉంది. రెండో గుంపులో 5 శాతం మందికే ఉంది. మరుసటి ఏడాది ఫిన్లాండు వైద్యులు 10,864 మంది మధ్యవయస్కుల పాత ఈసీజీలను తీసి, వాళ్లను సగటున 30 ఏళ్లు గమనించిన లెక్కలు చెప్పారు. అందులో 630 మందికి ఈ ఆకారం ఉంది. కిందివైపు లీడ్లలో ఎత్తు ఒక మిల్లీమీటరు ఉన్నవారిలో గుండె సంబంధమైన మరణాలు కొద్దిగానే ఎక్కువ, సుమారు 1.28 రెట్లు. రెండు మిల్లీమీటర్లు దాటినవారిలో దాదాపు మూడు రెట్లు. అయితే అంత ఎత్తు ఉన్నవాళ్లు పదివేల పైచిలుకు మందిలో 36 మందే. ఆ తేడా కూడా చాలా ఏళ్లు గడిచాక గానీ బయటపడలేదు.

మీ అబ్బాయి స్నేహితుడు చూపించిన పేజీ ఈ మొదటి అధ్యయనం నుంచి పుట్టినదే అయి ఉంటుంది. అక్కడే లెక్కను తిరగేసి చదివే పొరపాటు జరుగుతుంది. గుండె ఆగి బతికినవారిలో మూడో వంతు మందికి ఆ గీత ఉందంటే, గీత ఉన్నవారిలో మూడో వంతు మందికి గుండె ఆగుతుందని కాదు. పాము కాటుతో ఆసుపత్రికి వచ్చినవారిలో ఎక్కువమంది రైతులే. అంతమాత్రాన రైతుల్లో ఎక్కువమందిని పాము కరుస్తుందని అనలేం కదా. అదే 2008లో ఇజ్రాయెల్ వైద్యులు ఈ లెక్కను సూటిగా వేసి చూపారు. యువకుల్లో కారణం తెలియని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం లక్షకు 3.4 ఉంటే, ఈ గీత ఉన్నవారిలో అది లక్షకు 11 అవుతుందన్నారు. మూడు రెట్లు అన్న మాట భయపెడుతుంది. లక్షలో పదకొండు అన్న మాట అంత భయపెట్టదు. రెండూ ఒకే అంకెలు. ఈ ఆకారం జనాభాలో వందకు ఒకరి నుంచి పదముగ్గురి వరకు ఉంటుందని రకరకాల సర్వేలు చెబుతున్నాయి. యువకుల్లో, మగవారిలో, పరుగు సాధన చేసేవారిలో మరీ ఎక్కువ.

అయితే గీతలన్నీ ఒకటి కాదు, ఇది కాస్త వివరంగా చెప్పాలి. 2011లో ఫిన్లాండు బృందమే జే పాయింట్ తరువాతి ఎస్టీ గీత ఎటు పోతుందో చూసింది. క్రీడాకారుల్లో ఎక్కువమందికి ఆ గీత వెంటనే పైకి ఎగబాకి టీ తరంగంలో కలిసిపోతుంది. ఇలాంటివారిలో అదనపు ప్రమాదం కనిపించలేదు. గీత అడ్డంగా సాగినా, కిందికి దిగినా ఆ మేరకు అనుమానించాలి. జే పాయింట్ దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి 100 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర చిన్న గళ్లు ముందుకు జరిగి, అక్కడ గీత పైన ఉందా, కింద ఉందా అన్నది చూస్తాము. ఈ పని యంత్రానికి వదిలేయకుండా కాగితం మీద కంటితో చూడాలి. వీలైతే మీవాడి కాగితంలో గుండె కిందివైపును చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ అనే లీడ్లు ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి. పేరు, ఆసుపత్రి వివరాలు కనిపించేలా ఫోటో మాత్రం పెట్టకండి.

గీత కంటే ముందు మనిషి కథ కావాలి. మీరు తప్పక కనుక్కోవలసినవి మూడు. వాడు ఎప్పుడైనా స్పృహ తప్పాడా? ఎండలో నిలబడి, రక్తం చూసి, తల తిరిగి, చెమటలు పట్టి మెల్లగా కూలబడటం వేరు. పడుకొని ఉండగానో, కూర్చొని మాట్లాడుతుండగానో ఏ సూచనా లేకుండా పడిపోవడం వేరు. రెండోది, నిద్రలో గురక లాంటి వింత శబ్దంతో కొట్టుకోవడం, దాన్ని ఫిట్స్ అని ఎవరైనా చెప్పి ఉండటం. మూడోది, రక్త సంబంధీకుల్లో 40 ఏళ్ల లోపు కారణం తెలియకుండా హఠాత్తుగా పోయినవారు ఉండటం. ఈ మూడింటికీ ‘లేదు’ అన్నదే జవాబు అయితే, గీత పైకి ఎగబాకే రకమే అయితే, మైదానానికి పంపండి. జే పాయింట్ దగ్గరి ఆ గంటునే జే తరంగం అంటాము; అది నాడి నెమ్మదించినప్పుడు, విశ్రాంతిలో, రాత్రివేళ పెరిగి, పరుగెత్తినప్పుడు తగ్గే స్వభావం గలది; ఈ రకం లయ ప్రమాదాలు కూడా నిద్రలో, విశ్రాంతిలో ఎక్కువగా కనిపిస్తాయి. అంటే పరుగు మానిపించడం వల్ల ఈ విషయంలో ఒరిగేదేమీ లేదు. నాడి 52 ఉండటం పరుగు అలవాటున్న కుర్రవాడికి తగినదే.

మిర్యాలగూడ గుమాస్తా గారి అనుభవం విలువైనది. పాత ఈసీజీ దగ్గర పెట్టుకోమన్న మాట నేనూ నా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను. కానీ ఆంజియోగ్రామ్ సలహాతో ఏకీభవించలేను. అది రక్తనాళాల్లో అడ్డంకులను చూపే పరీక్ష; విద్యుత్ లయ గురించి అందులో ఏమీ తెలియదు. 22 ఏళ్ల పిల్లవాడికి కండరం నొప్పి తగ్గిపోయాక దాని అవసరం లేదు. లక్షణాలు లేనివారిలో ఈ గీత కనిపించినంత మాత్రాన పరీక్షలు వరుసగా చేయించవద్దనే 2022 నాటి యూరప్ మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

దేవరకొండ ఉపాధ్యాయుడు

డాక్టరు గారికి కృతజ్ఞతలు. పాము మాట మీరు ఉదాహరణకు అన్నారు కానీ, అది చదివిన తరువాత నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అబ్బాయిని అడిగాను, వాడెప్పుడూ స్పృహ తప్పలేదు. కాగితంలో రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో గంటు ఉంది. ఎత్తు ఒక గడికి కొంచెం ఎక్కువ. మీరు చెప్పినట్టు రెండున్నర గళ్లు లెక్కపెడితే, రెండో లీడ్‌లో గీత పైకి పోతోంది, మూడో లీడ్‌లో దాదాపు అడ్డంగానే ఉంది. నా కన్ను సరిగా చూసిందో లేదో తెలియదు.

మూడో ప్రశ్నకు జవాబు రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది. నా తమ్ముడు, అంటే వాడి చిన్నాయన, ఇరవై ఏళ్ల కిందట 29 ఏళ్ల వయసులో పోయాడు. అప్పట్లో వ్యవసాయ కరెంటు వంతుల మీద వచ్చేది. రాత్రి కరెంటు వస్తే మోటారు పెట్టాలని బోరుబావి దగ్గరికి పోయి, షెడ్డులో నేల మీద గోనె సంచి పరచుకొని పడుకున్నాడు. తెల్లవారి మా నాయన పోయి చూస్తే లేవలేదు. పాము కరిచి ఉంటుందని ఊరంతా అన్నారు. ఒంటి మీద గాటు కనిపించలేదని మా అమ్మ అప్పుడే అన్నది, ఎవరూ పట్టించుకోలేదు. మోటారు వేయనే లేదు కాబట్టి కరెంటు షాక్ కాదు. పోస్టుమార్టం చేయించలేదు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఆ మాట పాము మాటగానే ఉండిపోయింది. నిన్న అమ్మను మళ్లీ అడిగితే, వాడు చిన్నప్పుడు ఒకసారి అన్నం తింటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడని, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయామని చెప్పింది.

జవాబు: హైదరాబాద్ వైద్యుడు

ఇది రాయడం మీకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించగలను. ముందుగా ఒక మాట చెప్పాలి: మీ తమ్ముడిది పాము కాటు కాదని నేను అనలేను. కట్లపాము రాత్రివేళ, నేల మీద నిద్రపోతున్నవారినే ఎక్కువగా కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కంటికి ఆనకపోవచ్చు. మీరు చెప్పిన షెడ్డు, గోనె సంచి, గాటు లేకపోవడం అన్నీ దానికీ సరిపోతాయి. అయితే అన్నం తింటూ ఒరిగిపోయిన సంగతి పాముకు సరిపోదు. ఆ సంగతి వల్లనే నా సలహా మారుతోంది. మొన్న ‘మైదానానికి పంపండి’ అన్న మాటను ఒక పరీక్ష జరిగేదాకా నిలిపివేయమంటున్నాను. పరుగు ప్రమాదమని కాదు, అడ్డంగా ఉన్న గీతనూ, ఈ కుటుంబ కథనూ కలిపి ఒకరు ఒకేచోట చూడాలి.

నిమ్స్ వంటి చోట గుండె లయల నిపుణుడి దగ్గరికి వెళ్లండి. మళ్లీ ఈసీజీ, గుండె కండరం మందం చూడటానికి టూడీ ఎకో, రాత్రి నిద్రను కూడా కలుపుకొని ఒంటికి తగిలించిన యంత్రంతో 24 గంటలూ ఈసీజీ తీసే హోల్టర్, పరుగులో ఆ గంటు మాయమవుతోందో లేదో చూడటానికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. జే తరంగం ఎత్తు గంట గంటకూ మారిపోతోందా అన్నది హోల్టర్‌లో ముఖ్యంగా చూడమనండి. వీటి తరువాత కూడా అనుమానం మిగిలితే, ఛాతీ చర్మం కింద అమర్చే చిన్న లూప్ రికార్డర్‌తో ఏళ్ల తరబడి లయను గమనించే పద్ధతి ఉంది. షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ పరికరం ముఖ్యంగా ఒకసారి గుండె ఆగి బతికినవారికి. మీ అబ్బాయి ఆ స్థితిలో లేడు, ఎవరైనా మొదటి రోజే ఆ మాట ఎత్తితే రెండో అభిప్రాయం తీసుకోండి. ఆ స్థితికి చేరినవారికి కూడా లయ పదేపదే తప్పుతుంటే ఐసోప్రెనలిన్ సెలైన్, ఆ తరువాత క్వినిడిన్ అనే పాత మాత్ర పనిచేస్తాయి.

ఇంకొకటి, మీరు అడగనిది. మీ తమ్ముడికి అందరికంటే దగ్గరి రక్తం మీదీ, మీ అమ్మగారిదీ, మీ తోబుట్టువులదీ. అబ్బాయి కంటే ముందు మీరే ఈసీజీ తీయించుకోవాలి.

జవాబు: మహబూబ్‌నగర్ టెక్నీషియన్

సార్, మీరూ అబ్బాయీ ఒకే రోజు, ఒకే యంత్రం మీద, ఒకే ఫిల్టర్‌తో తీయించుకోండి. అప్పుడే డాక్టరు గారికి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చడం తేలిక.

దేవరకొండ ఉపాధ్యాయుడు

నిన్న నల్లగొండలో ముగ్గురం తీయించుకున్నాం, అమ్మతో సహా. 150 హెర్ట్జ్ అని అడిగితే అక్కడి అమ్మాయి వింతగా చూసింది కానీ మార్చింది. అమ్మ కాగితం మీద వయసుకు తగ్గవేవో రాసి ఉన్నాయి. నా కాగితం మీద యంత్రం ‘నార్మల్’ అని వేసింది. మూడో లీడ్‌లో మాత్రం అబ్బాయికి ఉన్నచోటే నాకూ చిన్న గంటు ఉంది, అర గడి కంటే తక్కువ. మిర్యాలగూడలో ఉన్న మా చెల్లెలు మాత్రం, తనకేమీ కాలేదని, ఇరవై ఏళ్ల తరువాత అన్నను మళ్లీ తవ్వి తీయవద్దని ఫోను పెట్టేసింది. సోమవారం హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరికింది. మూడు కాగితాల నకళ్లు తీయించాను. తమ్ముడి సంగతి అమ్మ చెబుతుంటే ఒక తెల్ల కాగితం మీద తేదీలతో రాసుకొని, వాటితో పాటే కవరులో పెట్టాను.